అతిథి గృహాలు - అతిథి పక్షులు

2024 సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు వెళ్లింది. 1957లో బ్యారేజీ కట్టిన నాటి నుంచి కృష్ణమ్మ అంత ఉగ్రంగా రావడం అదే మొదటిసారి. అంతకు ముందురోజే బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తింది. ఆ వీధుల్లో మనవాళ్లు ఎందరో డాబాల మీద కూర్చుని, పడవ ఎప్పుడొస్తుందా, పాలప్యాకెట్ ఎప్పుడందుతుందా అని ఎదురుచూశారు. ఎగువన భవానీ ద్వీపాన్ని కూడా వరద వదలలేదు. నదిమధ్యన వున్న ఆ పర్యాటక కేంద్రం బాగా దెబ్బతింది.

అది జరిగిన మూడు నెలలకు, అంటే 2024 డిసెంబరులో, రాష్ట్ర ప్రభుత్వం కొత్త పర్యాటక విధానాన్ని ప్రకటించింది. పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. హోటళ్లు, రిసార్టులు కట్టే వారికి రాయితీలు చూపించింది. నదీతీరం, సముద్రతీరం, కొండలు, సరస్సులు అన్నీ ఇక పెట్టుబడుల పటంలోకి వస్తాయన్నమాట.

ఈ రెండు వార్తలూ పేపర్లో వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పేజీల్లో వచ్చాయి. కాని వాటిని పక్కపక్కన పెట్టి చదవవలసిన అవసరం వుంది. నీరు ఆగవలసిన చోట, పిట్ట వాలవలసిన చోట, తాబేలు గుడ్లు పెట్టవలసిన చోట మనం గది కట్టి అద్దెకిస్తే ఏమవుతుందనే ప్రశ్నకు మొదటి వార్త జవాబు చెబుతోంది. రెండో వార్త ఆ ప్రశ్నను మళ్లీ మన ముందుంచుతోంది.

హోటల్ వ్యాపారం మనకు పరాయిది కాదు. ఈ రోజు విజయవాడ, గుంటూరు, మచిలీపట్నం, ఏలూరు ఏ వూరికి వెళ్లినా వంటగదిలో గరిటె తిప్పే బావర్చీ, వీధి మలుపులో బిర్యానీ హోటల్ యజమాని, ఫంక్షన్ హాలుకు కేటరింగ్ చేసే కాంట్రాక్టరు, అతిథులను స్టేషన్ నుంచి తెచ్చే ఆటో డ్రైవరు - వీరిలో మన కుటుంబాల వారు చాలామంది. అందువల్ల హోటళ్లు వద్దు అనే వాదన ఈ వ్యాసం చేయదు. హోటళ్లు ఎలా వుండాలి అన్నదే ప్రశ్న.

మన గడపలో వున్న సంపద

జీవవైవిధ్యం అనగానే ఎక్కడో ఆఫ్రికా అడవులు, సింహాలు, ఏనుగులు గుర్తుకొస్తాయి. మన కృష్ణా డెల్టాలో వున్నది మనకు కనిపించదు. కైకలూరు దగ్గర ఆటపాకకు చలికాలంలో ఒకసారి పిల్లలను తీసుకువెళ్లి చూడండి. గూడబాతులు, కొంగలు వందల సంఖ్యలో గూళ్లు కట్టుకుని పిల్లలకు చేపలు తినిపిస్తుంటాయి. చెట్లు చాలక అటవీశాఖ వారు నీటిలో ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటి మీద కూడా గూళ్లు కట్టుకున్నాయి. ఆ కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. మన ఇళ్లను ముంచిన బుడమేరు చివరకు చేరేది ఆ కొల్లేటికే. అక్కడి నుంచి ఉప్పుటేరు గుండా సముద్రానికి. అంటే మన వీధి కాలువకూ ఆటపాక గూడబాతుకూ మధ్య వున్నది ఒక నీటిదారి మాత్రమే.

ఇక దివిసీమ అవతల, కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులు వున్నాయి. 1989లో సుమారు 195 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడి బురదలో మండపీత పెరుగుతుంది. రొయ్యపిల్ల, చేపపిల్ల అక్కడి వేళ్ల మధ్య దాక్కుని ఎదిగి సముద్రంలోకి వెళతాయి. నీటిలో చేపను పట్టి తినే బావురుపిల్లి అక్కడ వుంది. ఇసుక తీరాలకు శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి, ఒక్కొక్కటి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి.

ఇవన్నీ చూడముచ్చటకే అనుకుంటే పొరపాటు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి దివిసీమలో పెద్దవారిని అడిగితే ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. వేలాదిమంది ఒక్క రాత్రిలో పోయారు. 1999లో ఒరిస్సాను కొట్టిన పెను తుపాను తరువాత పరిశోధకులు కేంద్రపడ జిల్లా గ్రామాలను లెక్కతీసి చూశారు. సముద్రానికీ వూరికీ మధ్య మడ అడవి వెడల్పుగా వున్న గ్రామాల్లో చావులు తక్కువగా వున్నాయని తేలింది. చెట్టు గోడ కట్టదు, కాని అల వేగాన్ని విరుస్తుంది. తీరాన మడ అడవి వుండటమంటే గుడిసెలో పడుకున్న మనిషికి ఒక కాపలా వుండటమే.

రొయ్యల చెరువులు నేర్పిన పాఠం

1990 దశకం మొదట్లో మన తీరమంతా టైగర్ రొయ్య జ్వరం పట్టింది. వరిచేలు, ఉప్పునేలలు, కొన్నిచోట్ల మడ అడవులు కూడా చెరువులయ్యాయి. మొదటి ఏడాది రెండేళ్లు లాభాలు వచ్చాయి. ఆ తరువాత తెల్లమచ్చ వైరస్ వచ్చింది. చెరువులు ఖాళీ అయ్యాయి, అప్పులు మిగిలాయి, చుట్టుపక్కల మంచినీటి బావులు ఉప్పగా మారాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలిలో ఇటువంటి చెరువులు కూడదని తీర్పు చెప్పవలసి వచ్చింది.

తప్పు రొయ్యది కాదు. ఏ నేల, ఏ నీరు ఆ వ్యాపారాన్ని పోషిస్తున్నదో దానినే ఆ వ్యాపారం తినేసింది. పర్యాటకం కూడా ఆ దారినే పోగలదు. సముద్రం చూడటానికి జనం వస్తారు, వారి కోసం తీరాన్ని కాంక్రీటు చేస్తారు, తీరం పాడయ్యాక జనం మరో తీరానికి వెళతారు. మిగిలేది స్థానికులకు చెత్త. విశాఖ ఋషికొండ మీద పాత రిసార్టును 2021లో తొలగించి కొండను తవ్వి కట్టడాలు లేపితే, వ్యవహారం గ్రీన్ ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు, హైకోర్టుల చుట్టూ తిరిగిన సంగతి పాఠకులకు తెలిసిందే. తవ్విన కొండను ఏ కోర్టూ తిరిగి అతికించలేదు.

నష్టం ఎక్కడ మొదలవుతుంది?

హోటల్ వల్ల ప్రకృతికి కలిగే నష్టం పొగగొట్టం నుంచి రాదు. అందువల్లే అది కంటికి ఆనదు. నాలుగు దారుల్లో అది వస్తుంది.

మొదటిది చోటు. నదికీ కరకట్టకూ మధ్య వున్న నేల నదిదే. ఏటా రాకపోయినా, పదేళ్లకొకసారి వచ్చి తన నేల తాను అడుగుతుంది. 2009లో అడిగింది, 2024లో అడిగింది. సముద్రతీరానికి 1991 ఫిబ్రవరి నుంచి నియంత్రణ చట్టం వుంది. కాని 2019 నాటి నోటిఫికేషన్, జనసాంద్రత ఎక్కువగా వున్న గ్రామీణ తీరంలో కట్టడాలు నిషేధించిన హద్దును 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. అలాగే 20 వేల చదరపు మీటర్లకు మించిన భవనాలకు పర్యావరణ అనుమతి తప్పనిసరి. అంతకు తక్కువ విస్తీర్ణం వున్న చిన్న రిసార్టుకు ఆ తనిఖీ లేదు. ఒక చిన్న రిసార్టు వల్ల తీరం చెడదు. ఒకదాని పక్కన ఒకటి ఇరవై వస్తే చెడుతుంది. చట్టం ఒక్కొక్కదాన్ని విడిగా చూస్తుంది, తాబేలుకు మాత్రం అన్నీ కలిసి ఒకే గోడగా కనిపిస్తాయి.

రెండోది నీరు. విజయవాడ మధ్యగా బందరు, ఏలూరు, రైవస్ కాలువలు పోతాయి. ఆ నీరే దిగువన పొలాలకు, చెరువులకు, ఎన్నో గ్రామాల బిందెలకు చేరుతుంది. హోటళ్లు, హాళ్లు, ఇళ్లు వదిలే మురుగులో నత్రజని, భాస్వరం వుంటాయి. అవి గుర్రపుడెక్కకు ఎరువు. గుర్రపుడెక్క నీటిని చాపలా కప్పితే అడుగుకు వెలుతురు, గాలి అందవు, చేప చస్తుంది, దోమ పెరుగుతుంది. కలువ, తామర వుండవలసిన చోట మనం దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కలుపును మేపుతున్నాం.

మూడోది వెలుతురు. ఇసుకలో నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో తాబేలు గుడ్లు పొదుగుతాయి. పిల్లలు రాత్రివేళ బయటికి వచ్చి, ఎటు వెలుతురు ఎక్కువ వుంటే అటు నడుస్తాయి. ప్రకృతి సిద్ధంగా ఆ వెలుతురు సముద్రం వైపు వుంటుంది. తీరాన ఫ్లడ్‌లైట్లు పెడితే అవి సముద్రానికి వీపు తిప్పి హోటల్ వైపు నడుస్తాయి. తెల్లవారేసరికి కుక్కల పాలో, కాకుల పాలో అవుతాయి.

నాలుగోది మనం ముచ్చటపడి తెచ్చుకున్న జీవాలు. హోటల్ ముందు గదిలో అద్దాల తొట్టె పెట్టి, దాని గోడలకు పట్టే పాచి తినడానికి నోటితో అంటుకుని వుండే ఒక నల్లచేపను వేస్తారు. అది తొట్టెలో ఇమడనంతగా పెరిగాక తెచ్చి కాలువలో వదులుతారు. ప్రాణం తీయలేదు కదా అని తృప్తిపడతారు. ఈ రోజు కృష్ణలో, కాలువల్లో జాలర్లు దెయ్యం చేప అని పిలుస్తున్నది దానినే. దానికి గట్టి పెంకు, ముళ్లు వుంటాయి. అది వలను చింపుతుంది, మన చేపల గుడ్లు తింటుంది, అమ్ముదామంటే కొనేవాడుండడు. దయ అనుకుని చేసిన పని వేరొకరి వల మీద పడింది. అలాగే పచ్చగా కనిపిస్తాయని వరసగా నాటే కోనోకార్పస్ మొక్కలను మన పిట్టలు పెద్దగా పట్టించుకోవు. పుప్పొడి వల్ల ఉబ్బసం రోగులకు ఇబ్బంది అన్న ఫిర్యాదులూ వున్నాయి. 2023లో గుజరాత్ ప్రభుత్వం వాటిని నాటవద్దని ఆదేశించింది.

చేసి చూపిన వారు వున్నారు

ఇది జరిగే పని కాదు అనేవారికి జాంజిబార్ దగ్గరి చుంబే దీవిని చూపించవచ్చు. తూర్పు ఆఫ్రికా తీరాన, ముస్లింలు అత్యధికంగా వున్న ఆ ద్వీపాల్లో, 1994లో చుంబే పగడపు దిబ్బను రక్షిత ప్రాంతంగా ప్రకటించి నిర్వహణను ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. ఆ సంస్థ అక్కడ కట్టినవి ఏడే ఏడు కుటీరాలు. వాన నీటిని కప్పు మీద పట్టి తొట్టెలో దాస్తారు. మరుగుదొడ్లలో నీరు వాడరు, మలాన్ని ఎరువుగా మారుస్తారు. కరెంటు సూర్యుడి నుంచి. అన్నిటికన్నా ముఖ్యమైనది, అంతకుముందు ఆ నీటిలో చేపలు పట్టిన వారికే శిక్షణ ఇచ్చి కాపలాదారులుగా పెట్టుకున్నారు. అతిథులిచ్చే అద్దెతో దిబ్బను కాపాడతారు, స్థానిక బడిపిల్లలను తెచ్చి చూపిస్తారు. పడకల సంఖ్య పెంచి ఎక్కువ సంపాదించే అవకాశం వున్నా పెంచలేదు.

మాల్దీవులది వేరే దారి. అక్కడ ఒక దీవికి ఒక రిసార్టు పద్ధతి. నీటిలో మునిగి సొరచేపలను చూడటానికి అతిథులు డబ్బిస్తారు కనుక, బతికిన సొరచేప చచ్చినదానికన్నా విలువైనదని లెక్కతేలింది. 2010లో దేశమంతటా సొరచేపల వేట నిషేధించారు. అయితే అదే దేశంలో రిసార్టుల కోసం సముద్రపు ఇసుక తవ్వి దీవులు పెంచుతూ పగడాలను నష్టపరుస్తున్నారన్నది కూడా నిజమే. ఒక చేత్తో రక్షణ, మరో చేత్తో ధ్వంసం. మనం నేర్చుకోవలసింది రెండింటి నుంచీ.

అంత దూరం పోనక్కరలేదు. గుంటూరుకు దగ్గర ఉప్పలపాడులో హోటల్ లేదు, పెట్టుబడి లేదు. వూరి చెరువుల్లోని చెట్ల మీద గూడబాతులు, కొంగలు వాలితే గ్రామస్థులు వాటిని తరమలేదు, కొట్టలేదు. ఆ వూరు పక్షుల పేరుతోనే ప్రసిద్ధమైంది. కాకినాడ దగ్గర కోరంగిలో మడ అడవి మధ్య వేసిన చెక్కదారి, పడవల నిర్వహణలో స్థానికుల కమిటీకి భాగం వుంది. చెట్టు నిలిస్తే తన ఇంట్లో పొయ్యి వెలుగుతుందని తెలిసిన మనిషి దాని మీద గొడ్డలి వేయడు.

ఏం చేయవచ్చు?

మొదట చేయవలసింది ప్రభుత్వమే. భవానీ ద్వీపం, సూర్యలంక వంటి చోట్ల పర్యాటక శాఖ స్వయంగా హోటల్ యజమాని. తన ఇంట్లో అమలు చేయని నియమాన్ని పొరుగువాడి మీద రుద్దలేదు. సుమారు 133 ఎకరాల భవానీ ద్వీపంలో వరద తరువాత మళ్లీ చేసే ప్రతి పనీ, ఈ నేల మళ్లీ మునుగుతుంది అన్న ఎరుకతో జరగాలి. శాశ్వత కట్టడాలు తగ్గించి, ఒడ్డు కోత పడకుండా లంకల్లో సహజంగా పెరిగే గడ్డి, చెట్లు వదలాలి. ద్వీపంలో కొంత భాగానికి మనిషి అసలు పోకుండా పిట్టలకు వదిలేయాలి.

తీరపు రిసార్టులు జనవరి నుంచి మే వరకు సముద్రం వైపు లైట్లు ఆర్పాలి, లేదా కిందికి వంచి పసుపు దీపాలు వాడాలి. ఇసుక మీద జీపులు, మోటారు సైకిళ్లు నడపనీయకూడదు. గూడు కనిపిస్తే తవ్వకుండా అటవీశాఖకు కబురు చేయాలి. ఖర్చు దాదాపు లేని పనులివి. పైగా తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే దృశ్యం చూడటానికి అతిథులు వస్తారు. తీరాన్ని పచ్చగా చేస్తామని అలల దాకా సరుగుడు నాటడం కూడా సరికాదు. తాబేలుకు బట్ట ఇసుక కావాలి.

పోగొట్టినదాన్ని తిరిగి తేవడం కూడా సాధ్యమే, కాని పద్ధతి తెలియాలి. మడ మొక్కలు నాటి ఫోటో దిగితే అడవి రాదు. ఉప్పు పేరుకుని పాడైన నేలకు మొదట పోటు నీరు చేరాలి. 1990 దశకం చివరి నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాల ప్రజలు కలిసి కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటుకు నీరు వచ్చి, పాటుకు వెళ్లి, నేల ఉప్పు కడుక్కుంది. ఆ తరువాత మొక్క పట్టుకుంది. హోటళ్లు నిజంగా సాయం చేయదలిస్తే ఆ కాలువల పూడిక తీసే కూలికి డబ్బివ్వాలి. ఆ కూలి అక్కడి జాలరి కుటుంబాలకే చేరాలి.

నగరంలోని హోటళ్లకు పని వంటగదిలో మొదలవుతుంది. మురుగు శుద్ధి చేసే ప్లాంటు వుండటం చాలదు, అది రోజూ నడవాలి. శుద్ధి చేసిన నీరు కాలువలోకి పోకుండా తోటకు పోతే భాస్వరం చెట్టుకు దక్కుతుంది. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో దొంగచాటుగా పట్టిన సముద్రపు చేపను హోటల్ కొనకపోతే పట్టేవాడికి ఆశ వుండదు. నీటిపిట్టల మాంసం ఎవరు తెచ్చినా వద్దనాలి. అడవి పక్షుల వేట, అమ్మకం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. ఆవరణలో కోనోకార్పస్ బదులు కానుగ, నేరేడు, రావి, వేప నాటితే పిట్టకు పండు, తేనెటీగకు పువ్వు, మనిషికి నీడ. మన డెల్టాలో కోతల వేళ వరికంకులను కుచ్చులుగా అల్లి చూరుకు వేలాడదీసే ఆచారం వుంది. హోటల్ వరండాలో నాలుగు కుచ్చులు కడితే పిచ్చుకలు వస్తాయి. అతిథి చిన్నపిల్లలకు టీవీ కన్నా అది ఎక్కువ నచ్చుతుంది.

ఉద్యోగాలా, పక్షులా?

ఇక్కడ ఒక ప్రశ్న తప్పక వస్తుంది. మా పిల్లవాడికి ఉద్యోగం లేదు, మీరు కొంగల గురించి మాట్లాడుతున్నారే అని. ప్రశ్న న్యాయమైనదే. ఆకలితో వున్నవాడికి గూడబాతు అందం కడుపు నింపదు. కాని లెక్క పూర్తిగా వేయాలి. తీరాన వంద గదుల హోటల్ వస్తే కొన్ని ఉద్యోగాలు వస్తాయి. దాని వల్ల మడ అడవి పోతే పీతలు, రొయ్యపిల్లలు పట్టి బతికే వారి బతుకు పోతుంది. వచ్చిన ఉద్యోగం ప్రారంభోత్సవం నాడు పేపర్లో పడుతుంది. పోయిన బతుకు ఎక్కడా పడదు. వరద వస్తే పెద్ద హోటల్‌కు బీమా వుంటుంది. సింగ్ నగర్‌లో కుట్టుమిషన్ నీటిలో మునిగిన మన చెల్లెలికి అది లేదు.

చిన్న హోటళ్లవారు ఇవన్నీ భరించలేరన్న మాట కూడా వాస్తవమే. అందుకే రాయితీలు ఇచ్చేచోటే షరతులు వుండాలి. భూమికి, పన్నుకు, కరెంటుకు రాయితీ పొందే పెద్ద రిసార్టు తన గది అద్దెలో కొంత భాగం స్థానిక గ్రామ కమిటీకి ఇవ్వాలని విధానంలోనే రాయాలి. ఏడాదికొకసారి ఆ చుట్టుపక్కల పక్షులను, తాబేలు గూళ్లను లెక్కించి ఫలితం గ్రామసభలో చదవాలి. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన ఎలాగూ జరుగుతుంది. అందులో పాల్గొనే వారికి గదీ, భోజనమూ ఇస్తే చాలు. సంఖ్య పెరిగితే రాయితీ కొనసాగించాలి, తగ్గితే ఎందుకు తగ్గిందో చెప్పించాలి. పచ్చరంగు బోర్డు పెట్టుకున్నవాడెవరో, పని చేసినవాడెవరో అప్పుడు తేలిపోతుంది.

మన వంతు

ఒక వలీమాకు వెళ్లినప్పుడు చూసిన దృశ్యం ఇప్పటికీ బాధిస్తుంది. కాలువ ఒడ్డున హాలు. విందు ఘనంగా జరిగింది. రాత్రి పదకొండు దాటాక వెనుక తలుపు తెరచి, సగం తిన్న బిర్యానీ, ప్లాస్టిక్ గ్లాసులు, నీటి సీసాలు అన్నీ గట్టు మీద కుమ్మరించారు. కొన్ని దొర్లి నీటిలో పడ్డాయి. చేసినవాడు కూలివాడు, అతణ్ని అనలేం. ఆ విందు మనది, చెత్త మనది. మెహమానులను గౌరవించామనుకుని ఇంటికి వచ్చాం. ఆ కాలువ నీరే దిగువన మరొకరి ఇంటికి మెహమానుగా వెళుతుందని ఎవరమూ ఆలోచించలేదు.

హాలు మాట్లాడుకునేటప్పుడు ఏసీ వుందా, కార్లకు చోటుందా అని అడుగుతాం. మిగిలిన అన్నం ఎక్కడికి పంపుతారు, మురుగు ఎటు పోతుంది అని కూడా అడగవచ్చు. పదిమంది అడిగితే యజమాని ఏర్పాటు చేసుకుంటాడు. వేసవిలో పిల్లలతో సూర్యలంకకో, మంగినపూడికో వెళ్లినప్పుడు తీసుకువెళ్లిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకురావచ్చు. హోటల్‌లో పనిచేసే మన అబ్బాయి, తొట్టెలో పెరిగిన చేపను కాలువలో వదలమని చెప్పినప్పుడు, వద్దు సార్ అని కారణం చెప్పగలగాలి. అందుకు అతనికి కారణం తెలియాలి. అది మనం ఇంట్లో, బడిలో చెప్పవలసిన పాఠం.

అమానత్ అనే మాట మనందరికీ తెలుసు. ఇతరులు మన దగ్గర దాచుకున్నది. దాన్ని జాగ్రత్తగా కాపాడాలి గాని, ఖర్చు చేసేయకూడదు. ఈ నది, ఈ లంకలు, ఈ తీరం మన మనవల అమానత్. శీతాకాలంలో వేల మైళ్లు ఎగిరివచ్చే పక్షి కూడా మన అతిథే. దానికి గది అక్కరలేదు, అద్దె ఇవ్వలేదు. దానికి కావలసిందల్లా దిగడానికి కాస్త నీరు, కాస్త బురద, కాస్త చీకటి. అద్దె ఇచ్చే అతిథి కోసం కట్టేటప్పుడు, ఆ అతిథికీ చోటు వదిలి కట్టాలి. వదిలిన ఆ చోటులోకే రేపు వరద వస్తుంది. ఆ రోజు మన ఇల్లు మునగకుండా నిలుస్తుంది.